గ్లోమెరులర్ కిడ్నీ జబ్బుల్లో ఒంటి పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట నుంచి పొద్దుటి రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగేవాళ్ళైనా, టీ నగర్, వేళచ్చేరి ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ళైనా, కిడ్నీ ఓపీలో నన్ను అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. చేతిలో రిపోర్టుల ఫైలు ఉంటుంది. కానీ డాక్టరు కాలు నొక్కి, గోళ్ళు చూసి, పొట్ట మీద తట్టి ఏం తెలుసుకున్నారో ఎవరూ చెప్పి ఉండరు. ఆ సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్నే చదువుకోవచ్చు. ఇది చదివి మందులు మాత్రం మార్చుకోకండి. మీ ఒంట్లో కనిపించిన మార్పుని డాక్టరుకి స్పష్టంగా చెప్పగలిగితే అదే చాలు.

## ఇంట్లో మొదట గమనించినప్పుడు

గ్లోమెరులర్ జబ్బు అంటే కిడ్నీ ఫెయిల్ అయినట్టేనా?

కాదు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని రక్తనాళాల ఉండలుంటాయి. వాటినే గ్లోమెరులస్‌లు అంటారు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో చాలా భాగాన్ని మళ్ళీ ఒంట్లోకే పంపేస్తాయి. ఈ జల్లెడ కన్నాలు పెద్దవైతే రక్తంలోని ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది. ఒళ్ళంతా వాపు వస్తుంది. దీన్ని నెఫ్రోటిక్ అంటారు. జల్లెడకే మంట పుట్టి వాస్తే రక్తకణాలు మూత్రంలోకి వస్తాయి, బీపీ పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. ఇది నెఫ్రైటిక్. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. వీటిలో చాలా జబ్బులకి మందులున్నాయి. సకాలంలో పట్టుకుంటే కిడ్నీ పనితనాన్ని ఏళ్ళ తరబడి నిలుపుకోవచ్చు.

పొద్దున లేవగానే బాబు కళ్ళు ఉబ్బి ఉంటున్నాయి, సాయంత్రానికి తగ్గిపోతోంది. ఎలర్జీ అన్నారు. నిజమేనా?

ఎలర్జీ కావచ్చు. కానీ యూరిన్ పరీక్ష చేయించకుండా ఆ మాట దగ్గర ఆగిపోవద్దు. పిల్లల్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్ మొదట ఇలాగే కనిపిస్తుంది. కనురెప్పల చర్మం పల్చగా, వదులుగా ఉంటుంది కాబట్టి రాత్రంతా పడుకున్నప్పుడు నీరు అక్కడ చేరుతుంది. లేచి తిరిగాక కిందికి దిగి కాళ్ళలోకి వెళ్తుంది. అందుకే సాయంత్రానికి కళ్ళు మామూలుగా, సాక్సు గీతలు లోతుగా కనిపిస్తాయి. ఎలర్జీ అయితే సాధారణంగా దురద, కళ్ళు ఎర్రబడటం, తుమ్ములు తోడుంటాయి. కిడ్నీ వాపులో దురద ఉండదు, నొప్పి ఉండదు. బాబు ఆడుకుంటూనే ఉంటాడు. అందుకే వారాల తరబడి ఎలర్జీ సిరప్‌లతో కాలం గడిచిపోతుంది. యూరిన్‌లో ప్రోటీన్ ఉందో లేదో, అందులో ముంచితే రంగు మారే పట్టీ అయిన డిప్‌స్టిక్‌తో నిమిషాల్లో తేలిపోతుంది. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువ కనుక ఆ వయసు పిల్లల కళ్ళు ఉబ్బితే నేను ముందు ఆ పరీక్షే అడుగుతాను.

కాళ్ళ వాపు కిడ్నీ వల్లనా, గుండె వల్లనా, లివర్ వల్లనా, బోదకాలా? తేడా ఎలా తెలుస్తుంది?

వాపు ఎక్కడ మొదలైంది, దాంతోపాటు ఇంకేం ఉంది అన్నదే ఆధారం. కిడ్నీ వాపులో ముఖం, కళ్ళు ముందుగా ఉబ్బుతాయి. మూత్రంలో నురగ వస్తుంది. ఒళ్ళంతా వాచినా చాలామంది వెల్లకిలా పడుకోగలరు. గుండె వల్ల వచ్చే వాపు పాదాల దగ్గర మొదలవుతుంది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, మెడ నరాలు ఉబ్బి కనిపించడం ఉంటాయి. లివర్ జబ్బులో పొట్టలోనే నీరు ముందు చేరుతుంది. కళ్ళు పచ్చబడవచ్చు, ఛాతీ మీద సాలీడు కాళ్ళలా సన్నని ఎర్ర నరాలు కనిపించవచ్చు. బోదకాలు చాలావరకు ఒక కాలికే ఎక్కువగా ఉంటుంది, చర్మం మందంగా గట్టిపడుతుంది, ముదిరితే నొక్కినా సొట్ట పడదు. థైరాయిడ్ తక్కువైనప్పుడు వచ్చే వాపూ అంతే, సొట్ట పడదు.

ఎండాకాలంలో రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళకి సాయంత్రం చీలమండల దగ్గర కొద్దిగా వాపు రావడం జబ్బు లేకుండానూ జరుగుతుంది. అది రాత్రి కాళ్ళు ఎత్తి పడుకుంటే పోతుంది, యూరిన్ రిపోర్టు శుభ్రంగా ఉంటుంది.

వేలితో నొక్కితే సొట్ట పడుతోంది. సరిగ్గా ఎక్కడ, ఎంతసేపు నొక్కాలి?

మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక మీద, చీలమండకి కాస్త పైన, బొటనవేలితో ఐదు నుంచి పది సెకన్లు మెల్లగా, గట్టిగా నొక్కి వదలండి. కండ మీద నొక్కితే తెలియదు, కింద ఎముక ఉండాలి. వేలు తీశాక గుంట కనిపించినా, వేలితో తడిమితే తగిలినా అది నీరే. మంచం మీదే ఉండే పెద్దవాళ్ళకి కాళ్ళు చూస్తే సరిపోదు. నీరు నడుము కింద, పిరుదుల పైన ఉన్న ఎముక దగ్గర చేరుతుంది. పక్కకి తిప్పి అక్కడ నొక్కి చూడాలి. మగపిల్లల్లో వృషణాల సంచీ ఉబ్బడం, ఆడవాళ్ళలో జననాంగం దగ్గర వాపు కూడా ఇందులో భాగమే. సిగ్గుపడి దాచకండి. అది ఎంత నీరు పట్టిందో చెప్పే గుర్తు.

పెద్దవాళ్ళలో సొట్ట పడేంత వాపు కనిపించే సరికే ఒంట్లో రెండు మూడు లీటర్ల నీరు అదనంగా చేరి ఉంటుంది. కాబట్టి అంతకన్నా ముందే వచ్చే చిన్న గుర్తులు చూసుకోండి. మెట్టెలు బిగుసుకోవడం, గాజులు ఎక్కకపోవడం, పాత చెప్పులు పట్టకపోవడం, లంగా బొందు దగ్గర లోతైన గీత పడటం.

మూత్రంలో నురగ వస్తోంది. ప్రతి నురగా ప్రోటీనేనా?

కాదు. వేగంగా పోసినా, నీళ్ళు తక్కువ తాగినా, టాయిలెట్‌లో క్లీనర్ మిగిలి ఉన్నా నురగ వస్తుంది, కాసేపటికి పోతుంది. ప్రోటీన్ వల్ల వచ్చే నురగ సన్నగా, పొరలు పొరలుగా ఉండి నిమిషాలు గడిచినా నిలిచే ఉంటుంది, ఒకసారి ఫ్లష్ చేస్తే పూర్తిగా పోదు. రోజూ ఇలాగే ఉంటే పొద్దున్నే పోసే మొదటి యూరిన్‌లో ప్రోటీన్, క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే ఒక వ్యర్థం) నిష్పత్తి చూపించండి. రోజుకి 150 మిల్లీగ్రాముల లోపు ప్రోటీన్ పోవడం మామూలే. పెద్దవాళ్ళలో 3.5 గ్రాములు దాటితే నెఫ్రోటిక్ స్థాయి.

లండన్‌లో రిచర్డ్ బ్రైట్ 1827లోనే ఒళ్ళు వాచిన రోగుల మూత్రాన్ని వేడిచేస్తే గడ్డకడుతోందని రాసి, వాపునీ కిడ్నీనీ కలిపి చూపించాడు. ఇంత చిన్న పరీక్ష ఇవాళ్టికీ మొదటి మెట్టుగానే ఉంది.

గొంతునొప్పి వచ్చాక మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. భయపడాలా?

అదే రోజు డాక్టరుకి చూపించండి. ఎన్ని రోజుల తర్వాత వచ్చిందో తప్పకుండా చెప్పండి, ఆ లెక్కలోనే సగం సమాధానం ఉంటుంది. గొంతునొప్పితోపాటే, లేదా ఒకటి రెండు రోజుల్లో రంగు మారితే ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ గ్లోమెరులస్‌లలో పేరుకునే జబ్బు) అనుమానిస్తారు. ఒకటి నుంచి మూడు వారాల తర్వాత మారితే స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి సోకిన తర్వాత వచ్చే నెఫ్రైటిస్ (కిడ్నీ జల్లెడకి పుట్టే మంట) కావచ్చు. గజ్జి, చర్మం మీద చీము పుండ్లు వచ్చిన పిల్లల్లో ఇది మూడు నుంచి ఆరు వారాల తర్వాత కూడా రావచ్చు. అందుకే డాక్టరు కాళ్ళూ చేతులూ తిప్పి మానిన పుండ్ల మచ్చల కోసం వెతుకుతారు. ఇలాంటి పిల్లల్లో బీపీ హఠాత్తుగా పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయొద్దు.

## డాక్టరు గదిలో

బీపీ ఇంట్లో బాగానే ఉంది. మళ్ళీ పడుకోబెట్టి, నిలబెట్టి ఎందుకు చూస్తున్నారు?

కిడ్నీ జబ్బుల్లో బీపీని మించిన ఒంటి పరీక్ష లేదని నా అభిప్రాయం. బీపీ జబ్బు రకాన్నీ చెబుతుంది, జబ్బు ఎటు వెళ్తోందో కూడా చెబుతుంది. బీపీ ఎక్కువుండి, మెడ నరం ఉబ్బి ఉంటే రక్తనాళాల్లో నీరు ఎక్కువైందని అర్థం. ఒళ్ళంతా వాచి ఉన్నా నాడి వేగంగా కొట్టుకుంటూ, చేతులూ పాదాలూ చల్లబడి, నిలబడితే బీపీ పడిపోతుంటే నీరంతా చర్మం కింద చేరి నాళాల్లో రక్తం తగ్గిందన్నమాట. అలాంటివాళ్ళకి నీరు తీసే మాత్ర ఎక్కువ ఇస్తే ప్రమాదం. బయటికి ఒకేలా కనిపించే ఇద్దరికి వైద్యం వేరువేరుగా ఉండటానికి ఇదొక కారణం. నిలబడగానే బీపీ బాగా పడిపోవడం అమిలాయిడ్ (ఒక రకం ప్రోటీన్ అవయవాల్లో పేరుకుపోయే) జబ్బులోనూ, చాలా ఏళ్ళ షుగర్‌లోనూ కనిపిస్తుంది.

రీడింగు నిజమైనది కావాలంటే అరగంట ముందు నుంచి కాఫీ వద్దు. మూత్రం పోసి రావాలి. వీపు ఆన్చి, పాదాలు నేలకి ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చేతికి తగ్గ సైజుది కావాలి. రైలు దిగి ఆదరాబాదరాగా వచ్చి కూర్చున్న వెంటనే చూసిన బీపీ మీద మందు మార్చడం సరికాదు. "కాసేపు ఆగి మళ్ళీ చూడండి" అని అడిగే హక్కు మీకుంది.

ఓపీకి వచ్చేటప్పుడు గోరింటాకు, నెయిల్ పాలిష్ వద్దంటారు. గోళ్ళలో ఏం చూస్తారు?

రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ బాగా తగ్గితే గోటికి అడ్డంగా జంట తెల్లని చారలు కనిపిస్తాయి. మ్యూర్కె అనే వైద్యుడు 1956లో వీటిని వివరించాడు. ఈ చారలు గోటిలో కాదు, గోటి కింది చర్మంలో ఉంటాయి. అందుకే గోరు పెరిగినా పైకి జరగవు. గోటిని నొక్కితే మాయమవుతాయి. ఆల్బుమిన్ పెరిగాక వాటంతట అవే పోతాయి. గోళ్ళ కింద సన్నని పుల్లల్లాంటి ఎర్ర గీతలుంటే గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్ గురించి ఆలోచిస్తారు, ఎందుకంటే అదీ గ్లోమెరులస్‌లని దెబ్బతీస్తుంది. పుట్టుకతోనే బొటనవేళ్ళ గోళ్ళు సరిగా లేకుండా, మోకాలి చిప్పలు చిన్నగా ఉండే వంశపారంపర్య జబ్బు కూడా ఒకటుంది. గోళ్ళు పాలిపోతే రక్తహీనత. ఇవన్నీ రంగు కింద కనబడవు. పెళ్ళికి పెట్టుకున్న గోరింటాకు అయితే దిగులు పడకండి, కాలి గోళ్ళు, నాలుక, కనురెప్ప లోపలి భాగం ఉన్నాయి.

కాళ్ళ మీద ఎర్రటి మచ్చలొచ్చాయి. దోమకాటు అనుకున్నాం. వాటికీ కిడ్నీకీ ఏంటి సంబంధం?

గాజు గ్లాసు పక్క భాగాన్ని మచ్చ మీద ఆనించి నొక్కి, గాజులోంచి చూడండి. దోమకాటు ఎరుపు పాలిపోతుంది. చర్మం లోపల రక్తం కారిన మచ్చ పాలిపోదు. వేలితో తడిమితే కాస్త ఉబ్బెత్తుగా తగిలే, పాలిపోని మచ్చలు పిక్కల మీద, పిరుదుల మీద గుంపులుగా వస్తే సన్నని రక్తనాళాల్లో మంట ఉందని అర్థం. పిల్లల్లో వీటికి కీళ్ళ నొప్పులు, కడుపు నొప్పి తోడైతే అది ఐజీఏ వాస్కులైటిస్ కావచ్చు. మచ్చలు మానిన తర్వాత కూడా కొన్ని వారాలు, నెలలపాటు కిడ్నీ దెబ్బతినే అవకాశం ఉంటుంది. అందుకే దాదాపు ఆరు నెలల వరకు యూరిన్, బీపీ చూస్తూ ఉండమంటారు.

మన చామనఛాయ చర్మం మీద ఈ మచ్చలు పుస్తకాల్లో బొమ్మల్లా ఎర్రగా కనబడవు. ముదురు ఊదా రంగులోనో, గోధుమ రంగు మరకల్లానో ఉంటాయి. పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ నాటికి మచ్చలు పోయినా ఫొటో సాక్ష్యం చెబుతుంది.

అమ్మాయికి కాళ్ళ వాపుకని వెళితే జుట్టు, నోరు, కీళ్ళు చూశారు. ఎందుకు?

లూపస్ కోసం. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడిచేసే జబ్బు ఇది. పెళ్ళి వయసు, పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో గ్లోమెరులర్ జబ్బుకి లూపస్ ముఖ్యమైన కారణం. బుగ్గల మీద, ముక్కు మీదుగా పరుచుకునే దద్దురు, ఎండలోకి వెళితే అది పెరగడం, జుట్టు కుచ్చులుగా రాలడం, అంగిట్లో నొప్పి లేని పుండ్లు, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోవడం దీని గుర్తులు. అంగిట్లో పుండు నొప్పి ఉండదు కాబట్టి అమ్మాయికే తెలియకపోవచ్చు, టార్చి వేసి చూడాలి. ముఖానికి క్రీము, పౌడరు లేకుండా తీసుకురండి. గర్భస్రావాలు ఎక్కువసార్లు జరిగి ఉంటే అది కూడా చెప్పాలి. అత్తగారి ఎదుట చెప్పడం ఇబ్బందిగా ఉంటే డాక్టరుతో విడిగా మాట్లాడాలని అడగండి.

పొట్ట మీద, వీపు మీద వేళ్ళతో తట్టి ఏం వింటారు?

గాలి ఉన్నచోట బోలుగా, నీరు ఉన్నచోట మొద్దుగా శబ్దం వస్తుంది. పక్కకి తిరిగి పడుకుంటే నీరు కిందికి జారుతుంది, మొద్దు శబ్దం వచ్చే చోటు మారుతుంది. అలా పొట్టలో నీరుందని తెలుస్తుంది. వీపు కింది భాగంలో మొద్దుగా ఉండి ఊపిరి శబ్దం తగ్గితే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. లివర్ పెద్దదైందా, మెడలో, చంకల్లో, గజ్జల్లో గ్రంథులు ఉబ్బి ఉన్నాయా అని కూడా అప్పుడే చూస్తారు.

నాకు కిడ్నీ సమస్య అయితే కంటి డాక్టరు దగ్గరికి, చెవి పరీక్షకి ఎందుకు పంపారు?

షుగర్ ఉన్నవాళ్ళలో మూత్రంలో ప్రోటీన్ పోతుంటే అది షుగర్ వల్లేనా, వేరే జబ్బా అన్నది పెద్ద ప్రశ్న. కంటి వెనక రెటీనాలో షుగర్ మార్పులుంటే కిడ్నీ కూడా షుగర్ వల్లే దెబ్బతిని ఉండవచ్చన్న నమ్మకం పెరుగుతుంది. రెటీనా శుభ్రంగా ఉండి ప్రోటీన్ హఠాత్తుగా పెరిగితే బయాప్సీ (సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) గురించి ఆలోచిస్తారు. ఎక్కువ కాలంగా ఉన్న బీపీ కూడా రెటీనాలో జాడలు వదులుతుంది. చెవి పరీక్ష ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ కోసం. ఈ వంశపారంపర్య జబ్బులో మూత్రంలో రక్తకణాలు, మెల్లగా తగ్గే వినికిడి, కొందరిలో కంటి లెన్సు ముందుకి ఉబ్బడం కలిసి ఉంటాయి. మొదట పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలే. టీవీ సౌండు పెంచుకోవడం, క్లాసులో చివరి బెంచీలో వినబడకపోవడం లాంటివి గుర్తు చేసుకుని చెప్పండి.

మేనరికమా అని అడిగారు. మనసుకి కష్టమనిపించింది. అది అంత అవసరమా?

అవసరమే, ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకోవడం మన తెలుగు, తమిళ కుటుంబాల్లో మామూలే. దగ్గరి బంధువుల్లో ఒకే రకం జన్యులోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ. అది పిల్లకి రెండు వైపుల నుంచీ వస్తే కొన్ని రకాల నెఫ్రోటిక్ సిండ్రోమ్, ఆల్‌పోర్ట్ బయటపడతాయి. అలాంటి నెఫ్రోటిక్ స్టెరాయిడ్లకి సాధారణంగా లొంగదు. ఆ సంగతి ముందే తెలిస్తే పిల్లకి నెలల తరబడి అనవసరపు స్టెరాయిడ్ తప్పుతుంది. తాతల కాలంలో చెవుడు, చిన్న వయసులో డయాలసిస్, "ఒళ్ళు నీరుపట్టి పోయారు" అన్న మాటలుంటే అవీ చెప్పండి.

నాటు మందు, ఫెయిర్‌నెస్ క్రీము గురించి కూడా అడుగుతున్నారు. వాటితో పనేంటి?

కొన్ని నాటు మందుల్లో, తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బుని తెస్తుందని దక్షిణ భారత రోగుల మీద వచ్చిన వైద్య నివేదికలు చూపించాయి. పాదరసం ఆపేస్తే ప్రోటీన్ పోవడం తగ్గిన రోగులు ఉన్నారు. అంటే కొందరికి అసలు వైద్యం ఆ డబ్బా పారేయడమే. డబ్బా, పొట్లం, సీసా ఏదైనా సరే తీసుకురండి. మోకాళ్ళ నొప్పికి షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలూ గ్లోమెరులస్‌లని దెబ్బతీయగలవు, వాటి పేర్లూ రాసుకోండి. డాక్టరు తిడతారని దాచినవాళ్ళే ఎక్కువ నష్టపోతారు.

నాకు తమిళం రాదు. చెన్నై పెద్దాసుపత్రిలో ఎలా చెప్పుకోవాలి?

సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ, ఎగ్మోర్ పిల్లల ఆసుపత్రిలోనూ తెలుగువాళ్ళు రావడం కొత్తేం కాదు, తెలుగు అర్థమయ్యే సిబ్బంది తరచుగానే దొరుకుతారు. అయినా ఒక కాగితం మీద వాపు మొదలైన తేదీ, మూత్రం రంగు, రోజువారీ బరువు, బీపీ, వాడిన మందులు రాసి తీసుకెళ్ళండి. అంకెలకి భాష అక్కర్లేదు. వాపుని వీక్కం అని, నురగని నురై అని అంటే చాలు, యూరిన్, బీపీ, బ్లడ్ అందరికీ తెలిసినవే. ఎక్కడ వాచిందో వేలితో చూపించండి.

డాక్టరు అంతా చూసి "ఒంట్లో ఏమీ కనిపించలేదు" అన్నారు. మరి జబ్బు లేనట్టేనా?

అలా అనుకోకూడదు. ఐజీఏ నెఫ్రోపతీతో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో వాపు, మచ్చ, నొప్పి ఏదీ లేకపోవచ్చు. ఉద్యోగం కోసం చేయించిన పరీక్షలో యూరిన్‌లో రక్తకణాలు కనిపించి బయటపడతారు. యూరిన్ రిపోర్టు బాగా లేకపోతే ఒళ్ళు బాగున్నా వెంటపడాల్సిందే.

## బయాప్సీ దగ్గర

ఇన్ని గుర్తులు చూశాక కూడా బయాప్సీ ఎందుకు? ఒళ్ళు చూసి జబ్బు పేరు చెప్పలేరా?

ఒంటి పరీక్ష దారి చూపిస్తుంది, జబ్బు రకాన్ని ఖాయం చేయలేదు. ఒకేలా వాచిన ముగ్గురు పెద్దవాళ్ళలో ఒకరికి మినిమల్ చేంజ్ అనే జబ్బు, ఒకరికి మెంబ్రేనస్, ఇంకొకరికి అమిలాయిడ్ ఉండొచ్చు. మూడింటికీ మందులు వేరు. చిన్నపిల్లల సంగతి వేరే. బీపీ మామూలుగా ఉండి, మూత్రంలో రక్తం లేకుండా, దద్దుర్లు, కీళ్ళ నొప్పులు లేకుండా వాపు మాత్రమే ఉంటే బయాప్సీ లేకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతారు. ఎక్కువమంది పిల్లలు దానికి లొంగుతారు. అంటే ఆ పిల్లల్లో బయాప్సీని తప్పించేది జాగ్రత్తగా చేసిన ఒంటి పరీక్షే.

బయాప్సీ అయ్యాక అన్నిసార్లు నాడి, బీపీ, మూత్రం ఎందుకు చూస్తారు?

కిడ్నీలో రక్తం ఎక్కువగా ప్రవహిస్తుంది. సూది గుచ్చినచోట లోపల రక్తం కారితే పైకి కనిపించదు. నాడి వేగం పెరగడం, బీపీ తగ్గడం, నడుము పక్కన నొప్పి పెరగడం, మూత్రం ఎర్రబడటం ద్వారానే తెలుస్తుంది. అందుకే కొన్ని గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోమంటారు. ఇంటికి వెళ్ళాక ఒకటి రెండు వారాలు బిందెలు, గ్యాస్ సిలిండర్లు ఎత్తొద్దు. మూత్రంలో రక్తపు గడ్డలు వస్తే, మూత్రం ఆగిపోతే వెంటనే తిరిగి రండి.

## మందులు వాడుతున్నప్పుడు

ముఖం గుండ్రంగా ఉబ్బింది. జబ్బు తిరగబెట్టిందా, స్టెరాయిడ్ వల్లనా?

స్టెరాయిడ్ వల్ల వచ్చేది కొవ్వు. బుగ్గలు నిండుతాయి, మెడ వెనక కొవ్వు చేరుతుంది, పొట్ట పెరుగుతుంది, మొటిమలొస్తాయి, పొట్ట మీద, తొడల మీద ఊదా చారలు పడతాయి. ఇది ఉదయం, సాయంత్రం ఒకేలా ఉంటుంది. జబ్బు తిరగబెడితే వాపు పొద్దున కళ్ళ దగ్గర ఎక్కువ, కాలి మీద సొట్ట పడుతుంది, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరుగుతుంది. అనుమానం తీరాలంటే యూరిన్‌లో ప్రోటీన్ చూడాలి. ముఖం మారిందని ఆడపిల్లలు ఎంత బాధపడతారో నాకు తెలుసు. డోసు తగ్గేకొద్దీ ఆ మార్పు చాలావరకు పోతుంది. అది చూసి భయపడి మాత్రలు ఒక్కసారిగా ఆపితే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు, ఎందుకంటే ఒళ్ళు తన సొంత స్టెరాయిడ్ తయారీని అప్పటికి తగ్గించేసి ఉంటుంది.

కింద కూర్చుని లేవడానికి తొడల్లో బలం చాలకపోవడం, చూపు మసకబారడం, అతిదాహం కూడా స్టెరాయిడ్ ఫలితాలు కావచ్చు. స్టెరాయిడ్ ఎదుగుదలని తగ్గించవచ్చు కాబట్టి పిల్లల్లో ప్రతి విజిట్‌లో ఎత్తు కొలవాలి.

వాపు పూర్తిగా పోయింది. ఇక మందులు ఆపొచ్చా?

వద్దు. లాసిక్స్ లాంటి నీరు తీసే మాత్ర వాపుని తీసేస్తుంది, జల్లెడని బాగుచేయదు. వాపు లేకుండానే రోజుకి గ్రాములకొద్దీ ప్రోటీన్ పోతున్నవాళ్ళు ఉంటారు. కాళ్ళు సన్నబడ్డాయని మందు ఆపి, ఆరు నెలల తర్వాత క్రియాటినిన్ పెరిగి వచ్చేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది. మందు ఎప్పుడు తగ్గించాలో యూరిన్ ప్రోటీన్, రక్తంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ కలిపి చూసి డాక్టరు చెప్పాలి.

బీపీకి కొత్త మాత్ర మొదలెట్టాక పాదాలు వాచాయి. కిడ్నీ ముదిరిందా?

ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలతో రెండు చీలమండలూ వాచడం తరచుగా కనిపిస్తుంది. ముఖం ఉబ్బదు, ప్రోటీన్ పెరగదు. మీరుగా ఆపకండి, డాక్టరు మార్చి ఇస్తారు.

రోజూ బరువు చూసుకోమన్నారు. ఎలా చూసుకోవాలి?

పొద్దున లేచి, మూత్రం పోశాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో, ఒకే మెషీన్ మీద. ఒక కిలో పెరగడం అంటే దాదాపు ఒక లీటరు నీరు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయండి. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలి. ఆవకాయ, అప్పడం, వడియం, ఎండు చేప పక్కన పెట్టకపోతే నీరు తీసే మాత్ర ఎంత పెంచినా పని చేయదు.

చిగుళ్ళు పెరుగుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. చెప్పాలా?

చెప్పాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల్లో సైక్లోస్పోరిన్ వల్ల చిగుళ్ళు, ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతాయి, టాక్రోలిమస్‌తో చేతి వణుకు ఎక్కువ. రక్తంలో మందు మోతాదు చూసి సరిచేస్తారు.

స్టెరాయిడ్ వాడుతున్న పాప పక్కింట్లో ఆటలమ్మ పోసింది. ఏం చేయాలి?

పాపకి దద్దుర్లు వచ్చేదాకా ఆగొద్దు. పాపకి ఇంతకుముందు ఆటలమ్మ రాకపోయినా, దానికి టీకా వేయించకపోయినా, కలిసి ఆడుకున్న రోజు నుంచి నాలుగు రోజుల లోపే డాక్టరుకి చెప్పాలి. రక్షణ ఇచ్చే ఇంజెక్షన్‌గానీ మందుగానీ అవసరం కావచ్చు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల్లో అది ఊపిరితిత్తులకీ మెదడుకీ పాకవచ్చు. అమ్మవారికి చేసే పద్ధతులు మీ ఇంటి ఆచారం ప్రకారం చేసుకోండి, వైద్యం మాత్రం ఆపొద్దు.

## తిరగబెట్టినప్పుడు, ఆగకూడనప్పుడు

జబ్బు తిరగబెట్టిందని ఇంట్లోనే ఎలా కనిపెట్టాలి?

వాపు కన్నా ముందే యూరిన్ చెబుతుంది. మందుల షాపులో దొరికే డిప్‌స్టిక్‌తో పొద్దుటి యూరిన్ చూసి క్యాలెండర్ మీద రాయండి. పిల్లల్లో వరుసగా మూడు రోజులు 3+ గానీ 4+ గానీ (డబ్బా మీది రంగుల చార్టులో ప్రోటీన్ ఎక్కువని చూపే గుర్తులు) వస్తే తిరగబెట్టినట్టు. జలుబు, జ్వరం వచ్చినప్పుడు ఒకటి రెండు రోజులు పెరిగి తగ్గిపోవచ్చు, కాబట్టి ఒక్కరోజు రీడింగు చూసి టెన్షన్ పడి డోసు పెంచేయకండి.

ఒక కాలే వాచింది, పిక్క నొప్పిగా ఉంది. ఇదీ కిడ్నీ వాపేనా?

ఇది రక్తం గడ్డకట్టడం కావచ్చు. నెఫ్రోటిక్‌లో రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్లు కూడా మూత్రంలో పోతాయి. మెంబ్రేనస్ జబ్బులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కిడ్నీ వాపు రెండు కాళ్ళకీ ఉంటుంది. ఒక కాలు ఎక్కువగా, వేడిగా, నొప్పిగా ఉంటే అదే రోజు డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తప్రవాహాన్ని చూసే స్కాన్) చేయించాలి. కాలిని మర్దన చేయొద్దు. దాంతోపాటు ఆయాసం, ఛాతీలో పోటు వస్తే గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు. నడుము పక్కన హఠాత్తుగా నొప్పి వచ్చి మూత్రం ఎర్రబడితే కిడ్నీ సిరలోనే గడ్డ ఉండవచ్చు.

వాపు ఉన్న పిల్లకి జ్వరం, కడుపునొప్పి వచ్చాయి. అజీర్ణం అనుకోవచ్చా?

అనుకోవద్దు. పొట్టలో చేరిన నీటికి ఇన్‌ఫెక్షన్ సోకితే ఇలాగే మొదలవుతుంది. న్యుమోకాకస్ సూక్ష్మజీవి దీనికి ముఖ్య కారణం. స్టెరాయిడ్ వాడే పిల్లల్లో జ్వరం, పొట్ట బిగుతు తక్కువగానే కనిపించి మోసం చేస్తాయి. చేతులు చల్లబడి, నాడి వేగంగా ఉండి, పిల్ల మగతగా ఉంటే ఇంకా తొందరపడాలి.

ఏ గుర్తులుంటే రాత్రైనా బయల్దేరాలి?

పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, దగ్గితే రక్తం పడటం, ఫిట్స్, తలనొప్పితో చూపు మసకబారడం, పెద్దవాళ్ళలో రోజంతా కలిపి మూత్రం 400 మిల్లీలీటర్ల కన్నా తగ్గడం. దగ్గులో రక్తం, మూత్రంలో రక్తం ఒకేసారి వస్తే ఊపిరితిత్తులూ కిడ్నీలూ కలిసి దెబ్బతింటున్నాయేమో చూడాలి. ఇలాంటి జబ్బుల్లో కొన్ని రోజుల్లోనే కిడ్నీ పనితనం పడిపోతుంది. వచ్చేవారం అపాయింట్‌మెంట్ ఉందని ఆగకండి. 108 ఆంధ్రలోనూ తమిళనాడులోనూ పనిచేస్తుంది. ముందు దగ్గర్లో ఆక్సిజన్, బీపీ వైద్యం దొరికే ఆసుపత్రికి వెళ్ళండి, అక్కడ స్థిమితపడ్డాక చెన్నైకి మార్చమని అడగవచ్చు. పాత డిశ్చార్జి సమ్మరీ, వాడే మాత్రల చీటీ, చివరి యూరిన్ రిపోర్టు ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచండి.